మాస్టారి సభలో గుడ్డు తేలిన వైనం

మా వ్యవసాయం మాస్టారి ఫొటోకు దండ వేసి ఊరుకుంటే ఆయన ఒప్పుకునే మనిషి కాదు. ఆ బంతిపూలు ఏ నేలలో పూశాయి, నారు ఎప్పుడు పోశారు, ఎరువేం వేశారు అని పైనుంచే అడుగుతారు. అందుకని సంవత్సరీకం నాడు ఉపన్యాసాలతోపాటు ఆయన పాఠం ఒకటి చేసి చూపించాలని పాత విద్యార్థులంతా తీర్మానించారు. తీర్మానం వరకూ అంతా సవ్యంగానే జరిగింది.

ఆయన చదివింది బాపట్ల వ్యవసాయ కళాశాలలో. 1945లో పెట్టిన ఆ కాలేజీ పేరెత్తితే చాలు, గొంతు ఓ మెట్టు పైకి లేచేది. పదింటిదాకా పొలం, పదింటి నుంచి బడి. మధ్యలో కాళ్ళు కడుక్కునే తీరిక లేక, కృష్ణా పశ్చిమ డెల్టా నల్లమట్టి కొంత రోజూ మా క్లాసులోకి వచ్చి చేరేది. 1986లో బాపట్ల నుంచి సాంబమసూరి వరి రకం బయటికొచ్చాక ఇక ఆయన్ని పట్టలేకపోయాం. పెళ్ళి భోజనంలో ఎవరైనా అన్నం బాగుందంటే, "జీఈబీ 24, టీఎన్ 1, మసూరి" అని మూల రకాల పేర్లతో ఆ వడ్లకు ప్రవర చెప్పిగాని మెతుకు ముట్టేవారు కాదు. పక్కన కూర్చున్నవాడు పెరుగులోకి వచ్చేసేవాడు.

మట్టి పరీక్షకు నమూనా తెమ్మంటే ఆయన షరతులు అన్నీ ఇన్నీ కావు. గట్టు పక్కన తియ్యకూడదు, చెట్టు నీడన తియ్యకూడదు, పెంటకుప్ప దగ్గర అసలే కూడదు. వి ఆకారంలో గొయ్యి తవ్వి పదిహేను సెంటీమీటర్ల లోతు దాకా అంచు గీకాలి. పొలమంతా తిరిగి తెచ్చిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ పారేస్తూ అరకిలోకి దించాలి. మావాడొకడు తన చేనుకు మార్కులు తగ్గుతాయేమోనని నేరుగా పెంటకుప్ప మీంచే తెచ్చాడు. మాస్టారు వాసన చూసి, "ఇది మట్టి కాదురా, సిఫార్సు" అన్నారు.

సరే, ప్రయోగం సంగతి. తాలు గింజలు ఏరే ఉప్పునీళ్ళ పాఠం ఎంచుకున్నారు. పది లీటర్ల నీళ్ళలో తాజా కోడిగుడ్డు వేస్తే మునుగుతుంది. ఉప్పు కలుపుతూపోతే, గుడ్డు లేచి రూపాయి బిళ్ళంత మేర నీటిపైన కనబడుతుంది. అప్పుడు గుడ్డు తీసి వడ్లు పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ అడుక్కి పోతుంది. దాన్ని మంచినీళ్ళలో రెండు మూడు సార్లు కడిగి, మొలకెత్తడానికి మండె కట్టుకోవాలి. పైసా ఖర్చు లేని పాఠం అనేవారు మాస్టారు. ఆ రోజు ఖర్చు వేరే లెక్క.

ప్రయోగం చేసే బాధ్యత విత్తనాల కొట్టు పెట్టుకున్న పాత విద్యార్థికి అప్పగించారు. ఫొటోలో బాగా పడాలని ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. షామియానా వెనక వంట. కిరాణా సామాను అంతా ఒకే రిక్షాలో, ఒకేరకం తెల్ల కవర్లలో వచ్చింది. ఇక మీరే ఊహించుకోండి.

"కిలోన్నర పడుతుంది" అని మైకులో చెప్పి కిలోన్నర కలిపాడు. గుడ్డు కదల్లేదు. "ఇంకాస్త వెయ్యి బాబాయ్" అన్నారు కుర్రాళ్ళు. రెండు కిలోలైంది. గుడ్డు అడుగునే కాపురం పెట్టింది. "ఈ కాలం ఉప్పులో కూడా కల్తీయేనయ్యా" అని వెనక వరుసలో ఓ పెద్దాయన తేల్చేశాడు. ముఖ్య అతిథికి ఇంకో సభ ఉందని తొందర. ఆయనకు ముందుగా ఓ కప్పు పాయసం ఇచ్చి కూర్చోబెట్టారు. ఇంకో కవరు చించి పోశాడు మావాడు. చివరికి గుడ్డు లేచింది! చప్పట్లు. వడ్లు పోశారు. తాలు తేలింది, గింజ మునిగింది. పాఠం అచ్చం మాస్టారు చెప్పినట్టే నడిచింది.

ఇంతలో కల్తీ సంగతి తేల్చిన పెద్దాయనే వచ్చి బకెట్లో వేలు ముంచి నాక్కున్నాడు.

"ఒరేయ్, ఇది పానకంరా!"

సైన్సు టీచరొకాయన లేచి, నీళ్ళ సాంద్రత పెరగడమే కావాలి, ఉప్పయినా పంచదారయినా ఒకటే, కాకపోతే పంచదార దాదాపు రెట్టింపు పడుతుందని వివరించబోయాడు. ఎవరికీ వినే ఓపిక లేదు. అందరి బుర్రలోనూ ఒకటే ప్రశ్న: మరి ఉప్పు ఎక్కడికి పోయినట్టు?

తలలన్నీ ముఖ్య అతిథి వైపు తిరిగాయి. ఆయన చెంచా నోట్లో ఉంది. ఎదురుగా నాలుగు సెల్‌ఫోన్లు వీడియో తీస్తున్నాయి. రాజకీయాల్లో ఆరితేరిన మనిషి. మింగాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "మాస్టారు గుర్తొచ్చారు" అన్నాడు. ఆయన ఉపన్యాసం రెండు ముక్కల్లో అయిపోయింది. ఆ ఒక్క మేలైనా ప్రయోగం వల్ల జరిగిందని ఒప్పుకోవాలి.

వంటవాణ్ణి నిలదీస్తే వాడి జవాబు సిద్ధంగా ఉంది. "మాస్టారికి నైవేద్యం పెట్టకుండా నేనెలా రుచి చూస్తానండీ?" మాస్టారి భార్య, మా పిన్నిగారు, చీర చెంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. "ఆయనుంటే గుడ్డుకి నూటికి నూరు, మీ అందరికీ సున్నా" అంది.

ఆ వడ్లకు చీమలు పట్టాయి. రెండు మూడు సార్లు కాదు, జిడ్డు పోయేదాకా కడిగారు. వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి చూస్తే ఎనభైకి పైనే మొలిచాయి. పంచదార నీళ్ళు పక్కింటి గేదె తాగింది.

వచ్చే ఏడు ఏం చెయ్యాలని అప్పుడే చర్చ మొదలైంది. "ఎకరానికి సరిపడా జీవామృతం, అదే ఆ పేడనీళ్ళ ఎరువు, కలిపి చూపిద్దాం" అన్నాడు కొట్టాయన, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని కాగితంలోంచి చదువుతూ. "రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల..."

"ఆ రోజు నేను ఊళ్ళో ఉండనండీ" అన్నాడు వంటవాడు.