వాన వెలిస్తే దోమకు సెలవా?

ఏటా ఇదే తంతు. వానలు వెలుస్తాయి, పొగ మిషన్లు మూలన పడతాయి, ఫ్లెక్సీలు మాత్రం కట్టిన చోటే వేలాడతాయి. ములుగు, భూపాలపల్లి గూడేల్లో మలేరియా దోమకు అసలు సీజన్ అప్పుడే మొదలవుతుంది.

ఇందులో రహస్యమేమీ లేదు. మోరీల్లో పుట్టేది ఎక్కువగా క్యూలెక్స్ అనే జాతి దోమ. మలేరియాను మోసే అనాఫిలిస్ జాతి దోమకు తేట నీళ్లు కావాలి. కుండపోతకు వాగు పొంగితే దాని పిల్లలు కొట్టుకుపోతాయి. వరద తీసి, ఇసుకలో మడుగులు మిగిలి, నీళ్లు తేరుకున్నాకే దానికి పండగ. పల్లెల్లో ఎక్కువగా మలేరియా అంటించే అనాఫిలిస్ రకం క్యూలిసిఫేసిస్ ఆ మడుగుల్లో, పంట కాలువల్లో, వరి మళ్లలో గుడ్లు పెడుతుంది. కొండ కింద నెమ్మదిగా పారే వాగుల్లో పెరిగే ఇంకో రకం, ఫ్లూవియాటిలిస్ జోరు చలికాలంలో. మరి వాన ఆగిందని పని ఆపడమేంటి?

సిబ్బంది చాలరని, దారులు కోసుకుపోయాయని, కేసులు మునుపటికన్నా తగ్గాయని అధికారులంటారు. తగ్గిన మాట నిజమే. కానీ వాళ్లు లెక్కపెట్టేది రోగుల్ని, దోమల్ని కాదు. రక్త పరీక్షలో క్రిమి బయటపడేసరికి ఆ మనిషిని దోమ కుట్టి వారం పైనే అయి ఉంటుంది. అప్పుడు వీధిలో పొగ పెడితే ఎవరికి లాభం? రాత్రి కుట్టే ఆ దోమ పగలంతా ఇంటి గోడ మీద, పశువుల కొట్టంలో చీకటి మూలన వాలి ఉంటుంది. మందు కొట్టాల్సింది అక్కడ, అదీ సీజన్‌కు ముందు. ఆ సీజన్ ఎప్పుడో దోమల్ని లెక్కపెట్టకుండా ఎలా తెలుస్తుంది?

దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. వాగు మడుగులో ఓ గరిటెడు నీళ్లు ముంచి తెల్ల గిన్నెలో పోస్తే చాలు. నీటి పైపొరకు ఆనుకుని పుల్లముక్కలా అడ్డంగా పడుకున్న పురుగు అనాఫిలిస్ పిల్ల. తలకిందులుగా వేలాడితే అది వేరే జాతి.

1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ తేదీకి దోమల దినం జరుపుకుంటాం, 2030 నాటికి దేశంలో మలేరియా ఉండదని చెప్పుకుంటాం. దోమను మాత్రం లెక్కపెట్టం!

పొగతో ఫొటోలు చాలు. ఈ వారమే గరిటె పట్టుకుని వాగులో దిగండి. చెప్పులు తడుస్తాయని బెంగైతే ఆ కుర్చీ ఇంకొకరికి వదలండి.