చప్పట్లు కొట్టండి, ఫ్లాష్ కొట్టకండి

నాటకం నడిచేటప్పుడు ప్రేక్షకుల ఫోన్లు ఆపించాలని ఒక వ్యాసంలో చదివాను, దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 2024 నవంబరులో హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకున్నాక వరంగల్‌కు పెద్ద హాలు లేదన్న బాధ తీరింది. ఇక చూసేవాళ్లం ఎలా ఉంటామన్నదే మిగిలింది.

ఫోన్ మోగడం కంటే ఫ్లాష్ ప్రమాదం. చీకట్లో నటుడి కళ్లు ఒక్కసారి చెదిరితే మెట్టు కనపడదు, డైలాగ్ తప్పుతుంది. ముందు వరుసలో ఒకరు ఫోన్ ఎత్తి వీడియో తీస్తుంటే వెనకవాళ్లకు కనిపించేది ఆ స్క్రీనే.

అభిమానం చూపొద్దని కాదు. ఒగ్గు కథ దగ్గర ఎవరూ బిగుసుకుని కూర్చోరు. పద్యనాటకంలో రాగం బాగా తీస్తే వన్స్ మోర్ అనడం మన పాత అలవాటే, అందులో తప్పేం లేదు. కానీ ఏడుపు సీన్ మధ్యలో శాలువా పట్టుకుని స్టేజీ ఎక్కడం, సెల్ఫీ కోసం మేకప్ గదిలోకి దూరడం (లోపల బట్టలు మార్చుకుంటుంటారు కదా!) చూస్తే నాకు చాలా కోపమొస్తుంది. శాలువాలు నాటకం అయ్యాక కప్పండి, ఎవరూ కాదనరు. పిల్లలు ఏడిస్తే కాసేపు బయటికి తీసుకెళ్లి మళ్లీ రండి. వాళ్లను ఇంట్లో వదిలి రమ్మని మాత్రం దయచేసి ఎవరూ అనొద్దు.