శెన పులస అడగడం మనమే మానాలి

స్కాట్లండు కొండ ప్రాంతాల సరస్సుల్లో బ్రౌన్ ట్రౌట్ చేపను ఫ్లై గాలంతో పట్టేవాళ్లకు ఆగస్టు నెలాఖరు నుంచి సెప్టెంబరు చివరి దాకా గడిచే వారాలే ఏడాదిలో అన్నిటికన్నా మంచివి. సరిగ్గా అవే రోజుల్లో మా కోనసీమలో గోదావరి ఎర్రనీటితో గట్లు ఒరుసుకుని పారుతూ ఉంటుంది, యానాం నుంచి రాజమండ్రి దాకా జనం పులస కోసం ఎదురుచూస్తూ ఉంటారు. చాలాకాలంగా స్కాట్లండులో ఉద్యోగం చేస్తూ, సెలవులకు రాజోలు దగ్గరి మా ఊరికి వచ్చిపోయే నాకు ఈ రెండూ తెలుసు. రెండు చోట్లా చేప అంత పుష్టిగా దొరకడానికి కారణం ఒక్కటే: అది గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతోంది. ట్రౌట్ విషయంలో ఆ సంగతి గుర్తించి ఒక తేదీ రాగానే గాలం మూటకట్టేసే అక్కడి మన తెలుగువాళ్లే, పులస దగ్గరికి వచ్చేసరికి శెన, అంటే కడుపులో గుడ్లు, ఉన్నదే కావాలని అడిగి, ఎక్కువ డబ్బిచ్చి మరీ కొంటున్నారు. ఇది నాకు సబబుగా తోచడం లేదు.

ట్రౌట్ వేట ఎరగని పాఠకుల కోసం కొంత చెప్పాలి. ఫ్లై గాలానికి ఎర ఉండదు. చిన్న కొక్కేనికి కోడి ఈక, కుందేలు బొచ్చు, పట్టుదారం చుట్టి పురుగులా కనిపించేలా కడతారు. అంత తేలికైన వస్తువు విసిరితే దూరం పోదు కనుక బరువంతా దారంలోనే ఉంచుతారు. కర్రతో ఆ లావుపాటి దారాన్ని వెనక్కీ ముందుకీ ఊపి వదిలితే అదే ఫ్లైని మోసుకుపోయి నీటి మీద దించుతుంది. ఎండలు ముదిరి నీరు 20 డిగ్రీలకు దగ్గరపడినప్పుడు మందగించిన ట్రౌట్‌కు, ఆగస్టు దాటి నీరు చల్లబడగానే ఆకలి తిరిగి వస్తుంది. అప్పటికి కొండలన్నీ హెదర్ పూలతో ఊదారంగుకు తిరిగి ఉంటాయి. ఆ పొదల్లోంచి ఎర్రకాళ్ల నల్ల ఈగలు, గడ్డిలోంచి పొడుగుకాళ్ల క్రేన్ ఈగలు గాలికి కొట్టుకొచ్చి సరస్సు మీద పడుతుంటే చేప వాటి కోసం పైకి లేస్తుంది. ఆ నల్ల ఈగ శాస్త్రీయ నామంతోనే బిబియో అని పిలిచే ఫ్లై ఒకటుంది. నల్లటి ఒళ్లు, నడుమ ఎర్రటి పట్టీ. సెప్టెంబరులో నా దారానికి అదే ఎక్కువగా ఉంటుంది.

కుళ్లిన నాచు పేరుకున్న పీట్ నేలల మీదుగా దిగివచ్చే ఆ నీరు కాఫీ డికాషన్ రంగులో ఉంటుంది. పోషకాలు తక్కువైన నీరు కనుక చేప నిదానంగా ఎదుగుతుంది. చాలా సరస్సుల్లో పావుకిలో తూగితే పెద్దదే. కాని ఆ పావుకిలో చేపను సీజను ఆఖరున దగ్గరగా చూడవలసిందే. కడుపు ముదురు పసుపుకు తిరిగి ఉంటుంది, పక్కల మీది నల్లచుక్కల మధ్య ఎర్రచుక్కలు, వాటి చుట్టూ పాలిపోయిన వలయాలు. మగదానికి కింది దవడ కొస పైకి వంకర తిరగడం మొదలవుతుంది. ఆడదాన్ని పట్టుకుంటే పొట్ట మెత్తగా, నిండుగా చేతికి తగులుతుంది. పట్టుకునే చెయ్యి తడిగా ఉండాలి, ఎందుకంటే పొడిచెయ్యి ఒంటి మీది జిగురు పొరను తుడిచేస్తుంది. కొక్కెం మీది ఎదురుముల్లును ముందే నొక్కేస్తే, వేళ్లతో వెనక్కి తిప్పగానే ఊడివస్తుంది; చేపను నీటిలోంచి పైకి తీయవలసిన పని కూడా ఉండదు.

చట్టం ప్రకారం స్కాట్లండులో అక్టోబరు 7 నుంచి మార్చి 14 వరకు బ్రౌన్ ట్రౌట్‌ను పట్టకూడదు. అయితే సెప్టెంబరు సగం గడిచేసరికే, సరస్సులోకి దిగే చిన్న వాగుల మూతుల దగ్గర చేపలు గుమికూడడం మొదలవుతుంది. మంచి వాన పడి వాగు పొంగితే అవి ఎగువకు ఎక్కుతాయి, అక్కడ ఆడచేప పక్కకు ఒరిగి తోకతో గులకరాళ్లను తవ్వి ఆ గుంటలో గుడ్లు పెడుతుంది. వాగు మూతి దగ్గర ఆ రోజుల్లో ఫ్లై వేస్తే చేప వెంట చేప తగులుతుంది, అది నేరమూ కాదు. నేను మాత్రం సెప్టెంబరు మధ్య నుంచి వాగు మూతుల జోలికి పోను, నాతో వచ్చే తెలుగు మిత్రులనూ పోనివ్వను. పట్టినా వదిలేస్తాం కదా అని వాళ్లు వాదిస్తారు. పెనుగులాడి అలసిపోయిన తల్లిచేపను వదలడం, అసలు పట్టకపోవడంతో సమానం కాదు. కిలో బరువున్న ఆడ ట్రౌట్ పెట్టే గుడ్లే సుమారు 2,000 ఉంటాయి. ఆ కొండ సరస్సుల పావుకిలో చేప దగ్గర కొన్ని వందలకు మించి ఉండవు.

ఈ వ్యవహారం మా ఊళ్లో చెబితే నవ్వుతారు. పంటకాలువ గట్టున వానపాము గుచ్చి జెల్లలూ మట్టగిడసలూ పట్టి పెరిగిన మా బాబాయి, "అంత చలిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పట్టినదాన్ని మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారా? మరి పట్టడం దేనికిరా అబ్బాయ్?" అన్నాడు. ఆయన ప్రశ్నలో న్యాయముంది. వదిలేసే ఉద్దేశంతోనే చేపను పట్టడం స్విట్జర్లండులో చట్టరీత్యా నిషిద్ధం కూడా. తినడానికి ఒకటి రెండు ఉంచుకోవడంలో నాకే ఆక్షేపణ లేదు, జూన్‌లో నేనూ ఉంచుకుంటాను. నా పట్టుదలంతా గుడ్లు నిండే వారాల గురించే. ఆ మాటే చెబితే, "అలాగైతే ముందు మీరంతా వచ్చి పులస తినడం మానెయ్యాలి మరి" అని ఆయన నవ్వేశాడు. అది నవ్వి వదిలేసే మాటగా నాకు అనిపించలేదు.

సముద్రంలో ఇలసగా తిరిగే చేప జులైలో ఎర్రనీరు తగలగానే మొగల గుండా, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్ల గుండా, గౌతమి, వసిష్ఠ పాయల్లోకి ఎక్కి ధవళేశ్వరం వైపు ఎదురీదేది తీపినీటిలో గుడ్లు పెట్టడానికే. నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుని తినే చేప కావడం వల్ల దాన్ని వలతోనే పట్టాలి. వలలో మొప్పలు చిక్కుకున్న పులస పడవలోకి చేరేలోపే దాదాపుగా ప్రాణం వదులుతుంది. కడుపు తడిమి చూసి తల్లిచేపను తిరిగి ఏట్లో వదిలే వెసులుబాటు ట్రౌట్ పట్టే నాకుంది గాని, మన పల్లెకారుకు లేదు. అందువల్ల నిగ్రహమంటూ ఉంటే అది వల వేసే తేదీలో ఉండాలి, లేదా కొనేవాడి దగ్గర ఉండాలి.

ఆ కొనేవాళ్లలో మనం ముందు వరసలో ఉన్నాం. ఆగస్టులో పిల్లల సెలవులకు ఊరొచ్చి ఎంతైనా సరే తెమ్మనేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. యానాం వేలంలో ఒక్క చేపే 20,000 రూపాయలు దాటిన వార్తలు మన వాట్సాప్ బృందాల్లో గర్వంగా తిరుగుతాయి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట ఏటా పత్రికల్లో అచ్చవుతూనే ఉంటుంది. పుస్తెలు అమ్ముకోవలసిన అవసరం లేని మనకు అది ఉత్త అలంకారం. మట్టిదాకలో, కట్టెలపొయ్యి మీద, బెండకాయలు వేసి కాచి మర్నాడు తినే పులుసు రుచిని నేను కాదనను. ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన ఇలసను గోదావరి పులసగా కొని, తేడా కనిపెట్టకుండానే మెచ్చుకున్నవాళ్లనూ ఎరుగుదును, అది వేరే సంగతి. వల ఆడామగా చూడదు, శెన చేపను మనం కాదన్నంత మాత్రాన అది బతుకుతుందా అంటే నిజమే, వలలో పడ్డది బతకదు. కాని ఏ వారంలో ఎన్ని వలలు ఏట్లోకి దిగాలో తేల్చేది ధరే, ఆ ధరను శెన నిండిన వారాల్లో ఆకాశానికి ఎత్తేది మనమే.

అసలు దోషం ఆనకట్టది కదా అనేవారున్నారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ధవళేశ్వరానికి ఎగువ గోదావరి పులసకు దాదాపుగా మూసుకుపోయింది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అలహాబాదు దాకా ఎక్కే ఇలసకూ అదే గతి పట్టింది. ఆ ఆనకట్టే లేకపోతే మా తాతల వరీ లేదు, ఆ వరి చదివించిన నా చదువూ లేదు, కనుక దాన్ని తిట్టడం నా వల్ల కాదు. అయితే ఎగువ దారి పోయిన చేపకు మిగిలింది ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఉన్న ఏరు ఒక్కటే, వలలన్నీ ఉన్నదీ ఆ కాస్త ఏట్లోనే. దారి ఇరుకైన చోటే జాగ్రత్త ఎక్కువ కావాలి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంది, ఆ కాలానికి ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తోంది. పులస ఏరెక్కేది మాత్రం ఆ గడువు ముగిశాకే. బంగ్లాదేశ్ ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలస వేటనూ రవాణానూ అమ్మకాన్నీ పూర్తిగా ఆపి, జాలర్లకు బియ్యం పంచుతుంది. ఆ తేదీలు గోదావరికి సరిపోవు. ఇక్కడ శెన ఏ వారాల్లో పండుతుందో ఏట్లో బతికే పల్లెకారులకు బాగా తెలుసు కనుక మొదట వాళ్లను కూర్చోబెట్టి అడగాలి. ఆ రెండు మూడు వారాల రాబడి పోగొట్టుకోమని వాళ్లకు ఊరికే చెప్పడం అన్యాయం. బళ్లకు గదులు, గుళ్లకు గోపురాలు కట్టిస్తున్న మన సంఘాలు ఒక సీజనుకు ఆ నష్టం భరించి చూడవచ్చు. ఒక ఊరు వల ఆపితే పక్క ఊరు పట్టుకుపోతుంది కనుక, వైనతేయం లాంటి చిన్న పాయను ఎంచుకుని రెండు గట్ల ఊళ్లూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. దానికి ఒకటి రెండేళ్లు పడుతుంది. ఈలోగా వచ్చే ఆగస్టులో ఊరు వెళ్లేవాళ్లు పులస తినదలిస్తే సీజను మొదట్లోనే తినవచ్చు, బేరమాడేటప్పుడు పోతు ఉందా అని అడగవచ్చు, శెన చేపకని అదనంగా ఒక్క రూపాయి ఇవ్వకుండా ఉండవచ్చు.