అలసిపోయాక అప్పగింతలా?

ఈ వ్యాసాన్ని మీరు ఆండ్రాయిడ్ ఫోన్‌లోనో, క్రోమ్‌లోనో చదువుతుంటే, ‘ఓరుగల్లు’ అన్న మాటలో ల వత్తు సరైన చోట కూర్చోవడానికి కారణం హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, మార్చుకోగల కోడ్) లైబ్రరీ. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ కూడా దాన్నే వాడతాయి. తెలుగు అక్షరాలను తెర మీద పేర్చే ఈ లైబ్రరీ భారాన్ని ఏళ్ల తరబడి మోసింది ప్రధానంగా బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్, ఆయనతోపాటు మరికొద్ది మంది. రేపు వాళ్లు ‘ఇక మావల్ల కాదు’ అంటే ఆ పని ఎవరి చేతికి పోతుంది?

ఓపెన్ సోర్స్‌లో నాయకత్వం మాట వస్తే చాలు, చర్చంతా లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తర్వాత ఎవరు అన్న దగ్గరే తిరుగుతుంది. పేర్లు వినిపిస్తాయి కానీ పని సంగతి ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో ఎవరికి అప్పగించారన్న దానికంటే ఎప్పుడు, ఏ స్థితిలో అప్పగించారన్నదే ముఖ్యం. మనిషి పూర్తిగా అలసిపోయాక జరిగే అప్పగింతలే ప్రమాదం తెచ్చిపెడుతున్నాయి.

ఎక్స్‌జడ్ యుటిల్స్ సంగతి చూడండి. ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది, కానీ దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన లాస్సె కోలిన్ దాన్ని జీతం భత్యం లేకుండా నడిపేవాడు. 2022లో కొన్ని ఖాతాలు ఆయన మీద పడ్డాయి. ప్యాచ్‌లు (కోడ్‌లో చేర్చే మార్పులు) ఆలస్యమవుతున్నాయి, నీకు ఆసక్తి పోయింది, ఇంకొకరికి అప్పగించు అంటూ ఒత్తిడి పెట్టాయి. తన మానసిక ఆరోగ్యం బాగా లేదని, ఇది తాను ఉచితంగా చేసే పని అని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నాడు. అప్పటికే ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా ప్యాచ్‌లు పంపుతూ, సాయం చేస్తూ దగ్గరయ్యారు. క్రమంగా రిలీజ్ చేసే అధికారం ఆ ఖాతాకు దక్కింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, కూర్చుంది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో (లినక్స్ రకాల్లో) సర్వర్ లాగిన్‌కు వాడే ఎస్‌ఎస్‌హెచ్ పరోక్షంగా ఎక్స్‌జడ్ లైబ్రరీని లోడ్ చేసుకునేది, దొంగకు కావలసిన దారి అదే. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి చూడబట్టి మార్చి 29న గుట్టు బయటపడింది. లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవాల్సిందే.

దీన్నుంచి చాలామంది తీసిన సారాంశం: కొత్తవాళ్లను నమ్మొద్దు. ఇది నాకు మింగుడుపడదు. ప్రతి మెయింటైనరూ (ప్రాజెక్టు బాగోగులు చూసే మనిషి) ఒకప్పుడు ముక్కూమొహం తెలియని కొత్తవాడే. తలుపులు మూసుకుంటే అలసిన మనిషి ఇంకా ఒంటరి అవుతాడు. అక్కడ అసలు లోపం, ఆ ఖాతాను తూకం వేయడానికి రెండో మనిషి లేకపోవడం. ప్రాజెక్టు మొదటి నుంచీ ముగ్గురి చేతుల్లో ఉండి ఉంటే ఒకరికి ఒంట్లో బాగా లేకపోయినా మిగతా ఇద్దరు ‘కాస్త ఆగుదాం’ అనేవారు.

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ సృష్టికర్త బ్రామ్ మూలెనార్ 2023 ఆగస్టులో చనిపోయినప్పుడు క్రిస్టియన్ బ్రబాండ్ట్ పగ్గాలు అందుకున్నాడు, పని ఆగలేదు. ఆయన అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆ కోడ్‌లో ఉన్నవాడే.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషది ఇంకో దారి. ఒక చిన్న ఆపరేటర్ మీద సాగిన వాదనతో విసిగిపోయి దాని సృష్టికర్త గీడో వాన్ రోసమ్ 2018 జూలైలో నాయకత్వం వదిలేశాడు. వారసుడి పేరు చెప్పలేదు, మీరే తేల్చుకోండి అన్నాడు. చెప్పకపోవడమే మేలైంది. నెలల తరబడి చర్చించి అయిదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌ను తెచ్చుకున్నారు. ఒకే కంపెనీ ఉద్యోగులు అందులో ఇద్దరికి మించకూడదని రాసుకున్నారు. ఈ ఒక్క నిబంధన ముందుచూపు చాలా ప్రాజెక్టుల్లో కనిపించదు.

ఇక గొడవల సంగతి. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష 2022 డిసెంబర్‌లో, 6.1 వెర్షన్‌తో వచ్చింది. 2025 మొదట్లో డీఎంఏ విభాగం (పరికరాలు మెమరీని నేరుగా వాడుకునేలా చూసే కోడ్) మెయింటైనర్లలో ఒకరైన క్రిస్టఫ్ హెల్విగ్ దానికి అడ్డం తిరిగాడు. సీ, రస్ట్ అనే రెండు భాషల కోడ్‌బేస్‌ను నిర్వహించడం మోయలేని బరువన్నాడు. అవతల ఆపిల్ కంప్యూటర్ల మీద లినక్స్‌ను నడిపించే ఆసాహీ లినక్స్ ప్రాజెక్టు చూస్తున్న హెక్టర్ మార్టిన్ ఈ ధోరణితో వేగలేక కెర్నెల్ బాధ్యతల నుంచీ, తన ప్రాజెక్టు నుంచీ తప్పుకున్నాడు. చివరికి టోర్వాల్డ్స్ తేల్చిందేమిటంటే, రస్ట్ ఇష్టం లేకపోతే నువ్వు దాని జోలికి పోకు, కానీ నీ కోడ్‌ను ఇతరులు ఎలా వాడుకోవాలో ఆపే హక్కు నీకు లేదు. ఆ తర్వాత హెల్విగ్ కూడా డీఎంఏ బాధ్యత వదిలేశాడు.

బయటివాళ్లకు ఇది అహాల పోరాటంలా కనిపించింది. అహం లేదని నేనూ అనను. కానీ మెయింటైనర్ భయానికి ఒక లెక్క ఉంది. ఈ రోజు ఉత్సాహంగా ప్యాచ్ పంపినవాడు రేపు కంపెనీ మారతాడు, అందులో వచ్చే బగ్గులు మాత్రం పదేళ్లపాటు మెయింటైనర్ నెత్తినే ఉంటాయి. ఆ బరువు ఎవరు మోస్తారో ముందే రాసుకోని చోట ప్రతి ప్యాచూ తగాదాగా మారుతుంది. రస్ట్ వర్గం సరైన పనే చేసిందని నా అభిప్రాయం. అయినా హెల్విగ్‌ను పాతకాలపు మొండివాడని కొట్టిపారేయడం అన్యాయం.

గణపతిదేవుడు తాను ఉండగానే రుద్రమదేవిని పాలనలో భాగస్వామిని చేశాడని మనకు తెలుసు. అయినా కొందరు సామంతులు తిరగబడ్డారు. ముందే కూర్చోబెట్టినంత మాత్రాన ఎదురుతిరిగేవాళ్లు ఉండరని కాదు, తట్టుకునేందుకు వారసురాలికి వ్యవధి దొరికింది. కెర్నెల్‌కు ఆ ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. 2018లో టోర్వాల్డ్స్ కొద్ది వారాలు పక్కకు తప్పుకుంటే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 4.19 విడుదల పూర్తి చేశాడు. అయినా రాతపూర్వకమైన ఏర్పాటు 2026 జనవరిలో కానీ రాలేదు. ప్రధాన రిపాజిటరీని (కోడ్ ఉండే చోటును) చూసేవాళ్లు కొనసాగలేని పరిస్థితి వస్తే 72 గంటల్లో ముఖ్య మెయింటైనర్ల మధ్య చర్చ మొదలవ్వాలని అందులో ఉంది. 1991లో మొదలైన ప్రాజెక్టు ఈ కాస్త రాసుకోవడానికి 34 ఏళ్లు పట్టింది!

మరి వరంగల్, కరీంనగర్ కాలేజీల నుంచి ఏటా బయటికొచ్చే పిల్లలకు ఇందులో ఏం నేర్పుతున్నాం? పుల్ రిక్వెస్ట్ (నా మార్పును కలుపుకోండన్న అభ్యర్థన) పంపడం నేర్పుతున్నాం, రెజ్యూమేలో ఒక గీత పెరగడానికి. ఇలాంటి తొందర దేశమంతటా ఉంది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధ ప్రాజెక్టుకు కేవలం రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లో తమ పేరు చేర్చమంటూ కుప్పలుగా రిక్వెస్టులు వచ్చిపడ్డాయి. ఒక పాఠం వీడియోలో చూపిన ఉదాహరణను విద్యార్థులు అక్షరాలా పాటించారు. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా మూసింది జీతం లేని మెయింటైనర్లే.

కాలేజీ క్లబ్బుల్లో పరిస్థితి మరీ విచిత్రం. సీనియర్లు ఫెస్ట్ కోసమో హాస్టల్ మెస్ కోసమో మంచి యాప్ చేస్తారు. ప్లేస్‌మెంట్ వచ్చి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిపోతారు. సర్వర్ పాస్‌వర్డ్ వాళ్లతోనే పోతుంది. జూనియర్లు మళ్లీ మొదటి నుంచి అదే యాప్ రాస్తారు. ఫైనలియర్ ప్రాజెక్టుల్లో హాజరు నమోదు యాప్ ఎన్నిసార్లు పుట్టి ఉంటుందో ఎవరూ లెక్కపెట్టలేదు.

మూడో సంవత్సరంలోనే ఒక జూనియర్‌కు కమిట్ హక్కులు (కోడ్‌ను నేరుగా మార్చే అధికారం) ఇవ్వడం, రివ్యూ చేసినందుకు మార్కులు వేయడం, పాత బ్యాచ్ ప్రాజెక్టును అందుకుని బాగుచేస్తే దాన్నే మేజర్ ప్రాజెక్టుగా ఒప్పుకోవడం అంత కష్టమేమీ కాదు. కొత్త సిలబస్ అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. వైవాలో ఎగ్జామినర్ మొదటి ప్రశ్న మాత్రం మారాలి. ఇప్పుడైతే ‘ఇందులో నువ్వు కొత్తగా ఏం చేశావ్?’ అనే అడుగుతున్నారు. సీనియర్ల కోడ్ చదివి, బగ్గులు దిద్ది, టెస్టులు రాసి, తర్వాతి బ్యాచ్‌కు డాక్యుమెంట్ తయారుచేసిన పిల్లవాడు ఆ ప్రశ్న దగ్గర నీళ్లు నములుతూ నిలబడుతున్నాడు.