మట్టి కట్టను బయటివైపు నుంచి చూడాలి

చిన్న మట్టి డ్యాముకు నిధులు వస్తే అవి ఎక్కడ ఖర్చవుతాయో ముందే చెప్పేయొచ్చు. నీటివైపున్న లోపలి వాలుకు రాతి కట్టు, కట్ట మీద రోడ్డు, ఇంకా మిగిలితే వరసగా దీపాలు. కంటికి కనిపించే పనులు, బిల్లు కూడా తేలిగ్గా అవుతుంది. కట్ట తెగేది మాత్రం ఎక్కువగా అక్కడ కాదు. మిగులు నీరు పోయే అలుగు చాలక నీరు కట్ట పైనుంచి పొర్లినా, కట్ట గుండా నీరు వదిలే గొట్టం, అంటే తూము, పక్క నుంచి ఊట మట్టిని తోడుకుపోయినా కోత మొదలయ్యేది బయటి వాలు మీదే. పెద్ద మట్టి డ్యాముల వైఫల్యాల లెక్కలు తీస్తే ఈ రెండు కారణాలదే సింహభాగం, అదీ దాదాపు చెరిసగం. చిన్న కట్టల లెక్కలు రాసేవారే తక్కువ.

తూము దగ్గర చిక్కు కట్టేనాడే మొదలవుతుంది. మిగతా కట్టంతా రోలరు తొక్కుతుంది గానీ గొట్టం పక్కన, ముఖ్యంగా దాని అడుగు వంపు కింద, రోలరుకు సందుండదు. అక్కడ తగిన తేమ చూసుకుని, పది సెంటీమీటర్ల పొరలుగా, దిమ్మిసతో కొట్టాలి. వానలు రాకముందే ముగించాలన్న హడావుడిలో ముందు కత్తెర పడేది ఆ పనికే. వదులుగా మిగిలిన మట్టిలోంచి నీరు దారి చేసుకుంటుంది. ముందు బయటి చివర రేణువులు కదిలి చిన్న బుంగ పడుతుంది. బుంగ లోపలికి పాకేకొద్దీ నీరు దాటాల్సిన మట్టి తగ్గుతుంది, ఉరవడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఏమీ కానట్టున్న ఊట చివరి కొన్ని గంటల్లో గండి కావడం ఇందుకే.

షట్టరు బయటి చివర ఉంటే ముప్పు ఇంకాస్త ఎక్కువ. నీళ్లున్నన్నాళ్లూ గొట్టం ఒత్తిడి మీదే ఉంటుంది, తుప్పు పట్టి చిల్లు పడితే నీరు నేరుగా కట్ట కడుపులోకే చిమ్ముతుంది. షట్టరు లోపలివైపే ఉండాలి. ఊటను ఆపడానికని గొట్టం చుట్టూ కాంక్రీటు పట్టీలు (కాలర్లు) కట్టే పాత అలవాటు కూడా పోవాలి. వాటి మూలల్లో మట్టి దట్టించడం మరీ కష్టం. బదులుగా గొట్టం బయటి భాగం చుట్టూ శుభ్రమైన ఇసుకతో ఫిల్టరు పెట్టాలి. ఇసుక నీటిని ఆపదు, మట్టిని ఆపుతుంది. అందులో 75 మైక్రాన్ల జల్లెడ దాటే మెత్తటి పొడి 5 శాతం మించకూడదు. మించితే ఫిల్టరే మట్టిలా గట్టిపడి పగుళ్లిస్తుంది.

ఊట ఉన్నంత మాత్రాన కట్ట చెడిందని కాదు. ఊరని మట్టి కట్ట ఉండదు. చూడాల్సింది మార్పు. ఊట నీటినంతా ఒక కాలువలోకి మళ్లించి 90 డిగ్రీల వి-నాచ్ పలక, అంటే పై అంచున V ఆకారంలో కోత ఉన్న పలక, దిగేస్తే చాలు. పలక ముందు కొంత ఎగువన, కోణం అడుగు నుంచి నీటి ఎత్తు 5 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు 0.8 లీటరు, 10 ఉంటే సుమారు 4.4 లీటర్లు. ఎత్తు రెట్టింపయితే ప్రవాహం అయిదున్నర రెట్లు దాటుతుంది, కాబట్టి చిన్న తేడానూ తేలిగ్గా తీసుకోకూడదు. దాని పక్కనే ఆ రోజు చెరువు మట్టం కూడా రాయాలి. మట్టం లేని ఊట లెక్క దేనికీ పనికిరాదు. అదే మట్టానికి నిరుటి కంటే ఊట పెరిగితే లోపల ఏదో కదిలినట్టే. గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున మన్ను పేరుకుంటుందో లేదో తెలుస్తుంది. ఇదంతా కనిపించాలంటే ముందు బయటి వాలు మీద కంప కొట్టేయాలి. బాగా ముదిరిన చెట్టును నరికి మొద్దు వదిలేయడం మాత్రం తప్పు. వేళ్లు కుళ్లి నీటికి గొట్టాలవుతాయి. నీరు తగ్గిన కాలంలో వేళ్లతో సహా తవ్వి, గుంతను పొరలుగా దట్టించాలి.

అలుగు సంగతికొస్తే, దాన్ని మనుషులే చంపుతారు. ఇంకో తడికి నీళ్లు ఆగాలని ఇసుక బస్తాలు వేస్తారు, చేపలు పోకుండా జాలీ కడతారు. అలుగు మీదుగా పోయే నీరు దాని పొడవును బట్టి, పైన పారే లోతుకు ఒకటిన్నర ఘాతాన్ని బట్టి ఉంటుంది. మీటరు లోతు పారేలా కట్టిన అలుగు మీద 30 సెంటీమీటర్ల బస్తాలు వేస్తే సామర్థ్యంలో 40 శాతం పైగా పోతుంది. అదే సమయంలో కట్ట నడిమి భాగం కుంగి ఉంటే పొర్లే నీరంతా ఆ ఒక్కచోటికే చేరుతుంది. పారదర్శక ట్యూబులో నీళ్లు నింపి పది మీటర్లకోసారి మట్టం చూస్తే ఆ కుంగుడు ఒక్క పూటలో దొరికిపోతుంది.

మన 2021 డ్యాం భద్రతా చట్టం 15 మీటర్ల ఎత్తు దాటినవాటికి వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్యవైతే 500 మీటర్ల పొడవో, 10 లక్షల ఘనపు మీటర్ల నిల్వో, భారీ వరద ప్రవాహమో, పునాది చిక్కులో, అసాధారణ డిజైనో ఉండాలి. 1977 నవంబరు 6న అమెరికాలోని జార్జియాలో తెగి 39 మందిని బలిగొన్న కెల్లీ బార్న్స్ డ్యాం ఎత్తు సుమారు 12 మీటర్లు, పొడవు 120 మీటర్ల చిల్లర, నిల్వ 8 లక్షల ఘనపు మీటర్ల లోపు. పొడవు, నిల్వ కొలతల్లో మన చట్టానికి అది ఆనదు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర రైలు కట్టను కోసేసి వందమందికి పైగా ప్రాణాలు తీసిన వరద కూడా చెరువు తెగి వచ్చిందే. ఎత్తు కొలిచి వర్గీకరించడం గుమాస్తాకు సులువు. కట్ట కింద ఇళ్లున్నాయా, రోడ్డుందా, పట్టాలున్నాయా అన్నది చూసి వర్గీకరించాలి. అలా చేస్తే ఎన్నో మామూలు చెరువులు జాబితాలోకి వస్తాయి, శాఖకు భారమే. కాదనలేం.

ఊట బురదగా మారితే మాత్రం జాబితా కోసం ఆగే వ్యవధి ఉండదు. చాలామంది చేసే మొదటి పని బయటి నుంచి బంకమట్టి కుక్కడం. దాంతో లోపల ఒత్తిడి పెరిగి నీరు మరోచోట పగులుతుంది. బుంగ చుట్టూ బస్తాలతో బావిలా గోడ కట్టి, లోపల ముందు ఇసుక, దానిపై చిన్న కంకర, ఆపైన రాయి వేయాలి. తేట నీరు వచ్చేదాకా గోడ పెంచాలి, నీరు బయటికి పోయే దారి మూయకూడదు. మరోవైపు తూము తెరిచి మట్టం దించాలి. మామూలు రోజుల్లో బంకమట్టి కట్టకు రోజుకు 30 సెంటీమీటర్లకు మించి దించరు, లోపలి వాలు జారిపోతుందని. ఆ పూట ఆ లెక్క పక్కన పెట్టొచ్చు. కింది ఇళ్లవాళ్లను లేపడానికి మాత్రం మట్టం దిగేదాకా ఆగకూడదు.