ఒంటిచేతి పుషప్ ఏడు రోజుల్లో రాదు

‘ఏడు రోజుల్లో ఒంటిచేతి పుషప్: ఐదు సూత్రాలు’. ఈ వారంలో ఈ మెసేజ్ నాకు నలుగురు ఫ్రెండ్స్ పంపారు. ముగ్గురికి ఏమీ అనలేదు. నాలుగోవాడు కింద ‘రేపట్నుంచి నేనూ మొదలు’ అని రాశాడు. ఇక ఊరుకోలేకపోయాను.

మొదటి సూత్రం, కాళ్లు ఎడంగా పెడితే మోసమట. ఒక చెయ్యి నేల మీంచి తీయగానే ఒళ్లు ఆ వైపుకి ఒరిగి తిరగబోతుంది. దాన్ని నడుము, పొట్ట కండరాలే ఆపాలి. కాళ్లు ఎడంగా ఉంటే ఆ కండరాల పని తేలికవుతుంది. భుజాల కన్నా వెడల్పుగా మొదలుపెట్టి, నెలలు గడిచేకొద్దీ దగ్గరికి తెచ్చుకోండి.

ఊపిరి బిగబట్టాలట. అక్కర్లేదు. దిగుతూ పీల్చండి, లేస్తూ వదలండి. బీపీ ఉన్నవాళ్లు అసలే బిగబట్టకూడదు.

రోజూ చెయ్యి వణికి పడిపోయేదాకా చేయాలట. మామూలు పుషప్‌లోనే ఒంటి బరువులో దాదాపు 64 శాతం చేతుల మీద పడుతుంది. 70 కిలోల మనిషికి అది 45 కిలోలు. ఒక చెయ్యి తీసేస్తే ఇంచుమించు ఆ భారమంతా ఒక్క భుజం మీదే. వారానికి మూడు రోజులు చాలు.

ఇక నాలుగోది. ‘భుజం నొప్పి పుట్టినా ఆపొద్దు, అది బలం వస్తున్న గుర్తు.’ నొప్పే బలమైతే భుజం జారినవాళ్లంతా పహిల్వాన్లు కావాలి! మర్నాడు ఛాతీ కండరాలు పట్టేయడం వేరు, చేస్తుండగానే భుజం ముందువైపు సూదితో పొడిచినట్టు అనిపించడం వేరు. కండరం వారాల్లో బలపడుతుంది, దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్‌కి నెలలు పడుతుంది. ఆ తేడా పట్టించుకోక నేను కుడి భుజం పాడుచేసుకున్నాను. రెండు నెలలు చొక్కా తొడుక్కోవాలన్నా ఎడమ చెయ్యే సాయం.

ఫోన్‌ని ఎదురుగా నిలబెట్టి వీడియో తీసుకోండి. ఛాతీ నేలకి దగ్గరయ్యే ఆఖరి రెండంగుళాలు చూడండి. భుజం చెవి వైపు లేస్తోందా? మోచెయ్యి పక్కటెముకలకి దూరంగా పక్కకి తెరుచుకుంటోందా? అరచెయ్యి లోపలి అంచు నేల వదిలేస్తోందా? వీటిలో ఏది కనిపించినా, చెయ్యి ఆనించిన చోటు మీకింకా మరీ కింద ఉన్నట్టే. చేతిని ఇంకాస్త ఎత్తైనదాని మీద పెట్టండి.

అయిదోది, మోకాళ్ల మీద చేస్తే ఇది రాదన్నది. ఇది మాత్రం నిజం. నేనూ చాలాకాలం అందరికీ మోకాళ్ల మీదే మొదలుపెట్టమని చెప్పాను, తప్పు చెప్పాను. మోకాళ్లు ఆనిస్తే ఒళ్లు పొట్టిదై, ఆ తిరిగే బలాన్ని ఆపడం నడుముకి సరిగ్గా అలవాటు కాదు. చెయ్యి ఆనించేది ముందు గోడ, తర్వాత టేబుల్, తర్వాత మెట్టు, ఆఖరికి నేల. ఒళ్లు మాత్రం ఎప్పుడూ తిన్నగానే ఉండాలి.

ఒరేయ్, రేపట్నుంచి మొదలన్నవాడా, ముందు రెండు చేతులతో పాతిక పుషప్‌లు ఆగకుండా వస్తున్నాయో లేదో చూసుకో. వస్తే కదలని గట్టి టేబుల్ అంచు మీద ఎడమ చెయ్యి పెట్టు, అయిదు లెక్కపెడుతూ దిగు. భుజంలో పొడిచిందా, ఆ రోజుకి ఆపెయ్. ఆపేశాక నాకు ఫోన్ చెయ్.