ఆ సంచులు ఎవరి ఇళ్ల నుంచి వస్తున్నాయి?

చిత్తకార్తె దాటిన రెండు నెలలకు వరంగల్‌లో ఏటా ఇదే దృశ్యం. చెరువు కట్టల మీద, కూరగాయల మార్కెట్ల వెనుక, ఊరి చివరి చెత్తకుప్పల దగ్గర గోనెసంచులు కనిపిస్తాయి. మూతి విప్పితే ఇంకా కళ్లు తెరవని కుక్కపిల్లలు, ఎక్కువగా ఆడవే. మగవాటిని ఎవరో ఒకరు అడిగి తీసుకెళ్తారు. ఆడవి వద్దంటారు, సంచిలోకి వెళ్తాయి. ఈ సంచులను వీధికుక్కలు మూటగట్టి తేలేదు. అవి గేటున్న ఇళ్ల నుంచి, బండ్ల మీద వచ్చాయి.

ఆ ఇళ్లవాళ్లే ఏడాది తిరగకముందే కాలనీ మీటింగులో లేచి, కుక్కలు పెరిగిపోయాయి, బల్దియా (నగరపాలక సంస్థ) ఏం చేస్తోందని నిలదీస్తారు. ఈ రెండు నాలుకల తీరు మీదే మా కోపమంతా.

2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర ఎనిమిదేళ్ల బాబును కుక్కలు చంపిన సంగతి ఈ నగరం మరిచిపోలేదు. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి వీధికుక్కలను తొలగించాలని, వాటిని మళ్లీ అక్కడే వదలొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2026 జనవరిలో హనుమకొండ జిల్లా పల్లెల్లో వందల కుక్కలను విషం పెట్టి చంపించారన్న ఫిర్యాదుపై కేసు నమోదైంది. ఇంత జరిగినా, ఇంట్లో పెంచుకునే కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించామా అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు.

వీధికుక్కల సంఖ్య తగ్గించడం ప్రభుత్వం పని అని కొందరంటారు. నిజమే, ఆ బాధ్యత నుంచి పాలకులను ఎవరూ తప్పించడం లేదు. కానీ ఒకవైపు బల్దియా ఆపరేషన్లు చేస్తుంటే, మరోవైపు మనమే సంచుల కొద్దీ పిల్లలను వీధిలో పోస్తుంటే ఆ లెక్క ఎప్పటికి తెగుతుంది? ఆడకుక్క ఆరు నెలలు దాటితే ఎదకు రావచ్చు. చూలు మోసేది సుమారు 63 రోజులే. ఏడాదికి రెండుసార్లు, ఈతకు ఐదారు పిల్లలు. పిల్లి ఇంకా తొందర, నాలుగైదు నెలల కూనే తల్లి కాగలదు. గోడ దూకి వెళ్లొచ్చిన పిల్లిని ‘అది పిల్లి కదా’ అని వదిలేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఆపరేషన్ మాట ఎత్తితే వచ్చే మొదటి జవాబు ‘పాపం’. రెండోది, ఒక్కసారైనా పిల్లలు పెట్టనివ్వాలి, లేకపోతే దానికి జబ్బు చేస్తుందని. ఇది పూర్తిగా తప్పు. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేయిస్తే ఆడకుక్కకు రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది. గర్భసంచిలో చీము పట్టి ప్రాణం తీసే జబ్బు ఇక దరి చేరదు. మగకుక్కకు చేయిస్తే వృషణాల క్యాన్సర్ బెంగ ఉండదు, ఎద వాసన పట్టుకుని రోడ్డు దాటి బండి కింద పడే అవసరమూ తగ్గుతుంది. ఆపరేషన్ చేయించడం పాపమట. కళ్లు తెరవని పిల్లలను డిసెంబరు చలిలో చెరువు కట్ట మీద వదిలి రావడం మాత్రం పాపం కాదట.

చట్టమూ ఇక్కడ బలహీనంగానే ఉంది. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. తొలిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు! 50 రూపాయలకు ఎవరు భయపడతారు? 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు పెంపుడు జంతువు టీకాకు, నులిపురుగుల మందుకు యజమానే బాధ్యుడని గట్టిగా చెప్పాయి. ఆపరేషన్ దగ్గరకు వచ్చేసరికి ‘చేయించవచ్చు’ అన్నట్టు గొంతు తగ్గించాయి. ఈ మెత్తదనం పోవాలి. కుక్కపిల్లలు, పిల్లికూనల అమ్మకానికి అనుమతి తీసుకోనివారు కుక్కకు, పిల్లికి ఆపరేషన్ చేయించి తీరాలని నిబంధన పెట్టాలి. పేదింటి వారికి ఆ ఖర్చు భారమే. వారి కోసం మామునూరు పశువైద్య కళాశాల, పశుసంవర్ధక శాఖ కలిసి నెలనెలా ఈ ఆపరేషన్ల శిబిరాలు పెట్టాలి. ఆపరేషన్ అయిన వీధికుక్క చెవికి గాటు పెట్టినట్టే, ఇంటి కుక్కకూ ఓ రుజువు ఉండాలి.

విషం దారి పట్టినవాళ్లకు ఒక మాట. ఒక వీధిలో కుక్కలను చంపితే అక్కడి తిండి, చెత్త అలాగే ఉంటాయి, పక్క వీధివి వచ్చి చేరతాయి. వచ్చేవాటికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అయినా ఊరికి విషమే గుర్తొస్తుంది, ఇంటి గేటు లోపలి కుక్క గుర్తురాదు.

ఈసారి సంచి మూతి కట్టి బండి మీద పెట్టుకున్నవాళ్లు ఒక్కసారి ఎంజీఎం ఆస్పత్రి మీదుగా వెళ్లండి. కుక్కకాటు సూది కోసం తల్లి ఒళ్లో ఏడుస్తున్న పిల్లవాడిని కళ్లారా చూడండి. ఆ తర్వాత చెరువు కట్టకు బండి తిప్పడానికి మీకు చేతులెలా వస్తాయో మేమూ చూస్తాం.